నడిమి పన్నా

పిల్లమ్మ మీద మునిలక్ష్మికి ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గాని, కోర్టులో వేస్తే నిలబడేది ఒక్కటే. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవలసిన చోట ఈ మొగుడి మేనత్త ఎప్పుడూ మధ్యలో కూర్చుని ఉంటుంది. కావాలని కాదు. ఆవిడ వక్కలు కత్తిరించుకునే చోటు అది. వంటింటికీ మగ్గపుసాలకూ నడుమ ఉన్న ఆ గడప మీద తప్ప ఆవిడకు వక్క తెగదు. మునిలక్ష్మి కాపరానికి వచ్చిన కొత్తలో మొగుడు రామాంజినప్ప ఏదో గొంతు తగ్గించి చెప్పబోతే, "కొంచెం గట్టిగా చెప్పప్పా, నాకూ వినపడాల" అన్న మనిషి. పోనీ పోట్లాడదామా అంటే, ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మిరియాల కషాయంతో ముందు వచ్చేదీ ఆవిడే. ఇట్లాంటివాళ్ళను ద్వేషించడం ఎంత కష్టమో నలుగురున్న ఇంట్లో కాపరం చేసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

పోయినవారం మనం కబ్బన్‌పేటలోని ఆ ఇంటిని వదిలి వచ్చినప్పుడు రామాంజినప్ప వీధి వాకిట్లో నిలబడి ఉన్నాడు. మనం వారంపాటు సుఖంగా తిన్నాం, పడుకున్నాం. వాళ్ళు మాత్రం పాపం అట్లాగే నిలబడి ఉన్నారు: ఆయన బయట, మునిలక్ష్మి కాళ్ళకు నీళ్ళిచ్చే చెంబుతో లోపల, పిల్లమ్మ అడకత్తెరతో తన స్థానంలో. యుద్ధం ముగియకముందు ఇల్లు విడిచి నాటకాల కంపెనీతో పోయినవాడు, రెండేళ్ళకు ఇప్పుడు కనపడ్డాడు. పరదాలు రాసి, పాటలు కట్టి, ఆడవేషాలు వేసి కోలారు నుంచి బళ్ళారి దాకా పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు మద్రాసు సినిమా స్టూడియోవాళ్ళు పిలిచారు. సాయంకాలం మెయిలుకు పోతున్నాడు. ఇంట్లో ఉండిపోయిన హార్మోనియం పెట్టె కోసం వచ్చానన్నాడు. పెట్టె సంగతి స్పష్టంగానే చెప్పాడు. పెళ్ళాం సంగతి మాత్రం ఎత్తలేదు.

పైగా వెంట ఒక పెద్దమనిషి. పేరు జయరామప్ప. హొసకోటెలో బడిపంతులు. మద్రాసు వారపత్రికకు కళాకారుల జీవితాలు రాస్తుంటాడు. రామాంజినప్ప పుట్టిన ఇల్లు, పెరిగిన మగ్గం కళ్ళారా చూసి రాయాలని ముచ్చటపడి వచ్చాడు.

"నీళ్ళియ్యమ్మే. చెంబు పట్టుకొని విగ్రహం మాదిరి ఏంది" అంది పిల్లమ్మ.

మునిలక్ష్మి చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. మగ్గపుసాలలో, గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న మామగారు వెంకటగిరియప్ప తల ఎత్తలేదు. కొడుకు వచ్చాడని పోగుల మధ్య పరుగెత్తే నాడె ఆగదు. రాకపోయినా ఆగలేదు కదా.

పక్కింటి నుంచి తెచ్చిన కుర్చీలో పంతులుగారు కూర్చున్నారు. రామాంజినప్ప గోడకు ఆనుకొని చాప మీద కూర్చున్నాడు. మనిషి కొంచెం లావయ్యాడు. జుట్టు మెడ దాకా పెంచాడు. వేలి గోళ్ళ మొదట్లో ఇంకా నీలం రంగు ఉంది. వంటింటి తలుపు సందులోంచి మునిలక్ష్మి చూసింది ముందుగా ఆ గోళ్ళనే.

"అత్తా, కాఫీ తాగుతారేమో అడుగు" అంది.

పిల్లమ్మ రెండు బారల దూరంలో ఉన్న మేనల్లుడి వైపు తిరిగి, "కాఫీ తాగుతావా అని అడుగుతాండాది" అంది.

"సారుకు ఇమ్మను. నాకొద్దు."

"వానికొద్దంట. ఆయనకంట."

"రైలుకు పోయే మనిషి కడుపుకు ఏమన్నా తిని పోవాల గదా అత్తా."

"పోయే మనిషంట నువ్వు" అంది పిల్లమ్మ రామాంజినప్పతో. మాట మోసుకుపోయేవాళ్ళు దారిలో కొంచెం తమది కూడా కలుపుతారు.

జయరామప్ప గొంతు సవరించుకున్నాడు. "చిత్రలేఖనం, సంగీతం, నటన. ఇన్ని విద్యలు ఒకే మనిషిలో కుదరడం చాలా అరుదు."

"ఇంటికి ఒక కార్డు ముక్క రాసే విద్య కుదరలా స్వామీ" అంది పిల్లమ్మ.

పంతులుగారు నవ్వాలో వద్దో తేల్చుకోలేక పెన్సిలు చెక్కుకున్నారు. "రామాంజినప్ప గారూ, మీ కళకు మొట్టమొదటి ప్రేరణ ఎవరు?"

"మా కంపెనీలో పరదాల మేస్త్రి ఉండె సార్. చెట్టు దూరం పోయేకొద్దీ రంగు పలచన కావాల అని చెప్పిచ్చినాడు. తెర మీద దావ వేస్తే చూసేవాడు లేచి ఆ దావలో నడిచి పోదామనుకోవాల, అనేవాడు. ఆయనే నాకు గురువు."

"అంతకుముందు? ఇంట్లో?"

"ఇంట్లో ఏముండాది సార్. మగ్గం ఉండాది."

లోపల మునిలక్ష్మి డికాషను వంచుతోంది. ఈయన మొదటి కుంచె ఎట్లా వచ్చిందో ఆమెకు తెలుసు. అత్తగారు సొన్నమ్మ పడుగుకు గంజి పెట్టే పెద్ద కుంచె అరిగిపోతే, దాని కుచ్చులోని వేర్లు నాలుగు పీకి పుల్లకు కట్టుకున్నాడు. రంగు ఎదురింటి అద్దకంవాళ్ళ తొట్టి అడుగున మిగిలిన నీలిమడ్డి. మొదటి బొమ్మ పెరటిగోడ మీద, ఇంటి మేకది. ఆ మేక తన బొమ్మను చూసి బెదిరి తాడు తెంపుకుందని సొన్నమ్మ బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళకందరికీ చెప్పేది.

ఇంకొకటి కూడా తెలుసు. పెళ్ళయిన మొదటి ఏడు ఆయన పెరటి మెట్టు మీద కూర్చుని, బావి నుంచి ఆమె నీళ్ళు మోసుకొచ్చే తీరు చూసేవాడు. కడవ ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చేటప్పుడు భుజం ఎట్లా వాలుతుందో, తడిసిన కుచ్చెళ్ళు కాలికి తగలకుండా అడుగు ఎట్లా పడుతుందో, మళ్ళీ మళ్ళీ నడిపించి చూసుకున్నాడు. ఆ ఏడు కోలారులో ఆయన అడవికి పోయే రాజుగారి భార్య వేషం వేస్తే, ఆ నడకకే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారట. నీ నడకమ్మే అది, నాది కాదు, అన్నాడు వచ్చి. పిల్లమ్మ వినేటట్టే అన్నాడు.

ఆ మాట ఇప్పుడు చెబుతాడేమోనని మునిలక్ష్మి చూసింది. చెప్పలేదు. పరదాల మేస్త్రి దగ్గరే ఆగిపోయాడు.

కాఫీ గ్లాసు పిల్లమ్మ చేతికి, అక్కడి నుంచి పంతులుగారి చేతికి పోయింది. ఆయన ఒక గుక్క తాగి హుషారయ్యాడు.

"మీ పాట ఒకటుంది చూడండి, మా బడిపిల్లలు కూడా పాడుతుంటారు. 'నిలువు పోగు నీది, అడ్డపోగు నాది, నడుమ తెగిన పోగు ఎవరిదే చిలకా'. ఎంత సరళం, ఎంత లోతు. అది మీరే కట్టిందేనా?"

"నేనే కట్టినా సార్."

అడకత్తెర ఆగింది. "సొన్నమ్మ పాట గదప్పా అది" అంది పిల్లమ్మ.

"వరస మార్చినా అత్తా."

"మారిస్తే ఆమెది కాకుండా పోతుందా? పెండ్లి చేసిచ్చినంత మాత్రాన బిడ్డ మనది కాకుండా పోతుందా?"

పంతులుగారు మర్యాదగా పెన్సిలు ఎత్తి పట్టుకొని, సొన్నమ్మ ఎవరని అడిగారు.

"వీళ్ళమ్మ, స్వామీ. నా వదిన" అంది పిల్లమ్మ. "పొద్దు మొలవకముందే ఈ వీధి పొడుగునా పడుగు చాపేది. ఎండ ముదిరితే గంజి బిరుసెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడే కుంచె లాగాల. ఆడోళ్ళందరం రెండు పక్కలా నిలబడి లాగుతాంటే ఆమె పాట ఎత్తేది. ఆమె ఎత్తితే ఈ కొస నుంచి ఆ కొస దాకా అందరి చేతులూ ఒక్కమాదిరిగా పోయేవి. పాట లేని నాడు పడుగులో ఎన్ని పోగులు తెగేవో."

మగ్గం మాత్రం తన పాటికి తాను ఆడుతూనే ఉంది.

"అయ్యో, ఇది కదండీ అసలు ప్రేరణ" అన్నాడు జయరామప్ప. "మీ తల్లిగారి బొమ్మ ఎప్పుడైనా రాశారా?"

రామాంజినప్ప చాప అంచు పీకాడు.

"ఒకటి రాసినా."

మునిలక్ష్మి పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. పొంగుతున్నది ఏమీ లేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి.

"యుద్ధంలో బట్టకు కంట్రోలు వచ్చె గదా సార్. కంపెనీకి పరదా గుడ్డ దొరకలా. మా నాయనను అడిగినా. అంతకుముందు ఎప్పుడూ ఏమీ అడిగిందే లేదు. చీరల నూలు పక్కన పెట్టి మూడు పన్నాలు నేసిచ్చినాడు. నిలువెత్తు పన్నాలు. మూడూ పక్కపక్కన కుడితే ఒక తెర. నడిమి పన్నా మీద ముందు బొమ్మ వేసినా. మా వీధి, చాపిన పడుగు, చేతిలో కుంచెతో మా అమ్మ. రాజుల తోటలు, కోటలు రాసి రాసి బేజారయ్యింది. ఈ ఒక్క తెర మా వీధిది కావాల అనుకున్నా. దండెం మీద ఆరేసి, కంపెనీ ఓనరును పిలుచుకొని వస్తామని పోయినా."

"చూసి ఏమన్నారు ఓనరుగారు?"

"చూసేదానికి ఏమీ లేదు సార్. మేము వచ్చేసరికి రాతి తొట్టిలో ఉండాది. సుద్దా రంగూ జిగురుతో కలిపి పూసేది గదా మేము, నీళ్ళు తగిలితే నిలవదు. తొట్టినిండా నీలం నీళ్ళు. గుడ్డ మాత్రం తెల్లగా, చక్కగా ఉండాది."

"తొట్టిలో ఎవరు వేశారు?"

రామాంజినప్ప వంటింటి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడంటే అందరూ అటే చూశారు.

"ఇంట్లోవాళ్ళు. గంజిబట్ట అనుకొని నానేసినారు."

పంతులుగారికి నవ్వాగలేదు. చెడ్డ మనిషి కాదు పాపం. రాసేవాళ్ళ బలహీనత అది. "కళాఖండాన్ని నానబెట్టిన ఇల్లాలు," అన్నాడు కాగితం మీదికి వంగుతూ. "ఈ ఒక్క ముక్కకే పాఠకులు వ్యాసం మొత్తం చదువుతారండీ."

మునిలక్ష్మికి ఆ రోజు గుర్తుకు రావడం కాదు, అది ఎప్పుడూ పోలేదు. ఇంట్లో నేసిన కొత్తగుడ్డ ఏదైనా రంగు తగలకముందు గంజి వదలాలి. తొట్టిలో నానేయడం కోడలి పని. మడత విప్పకుండా నానేయాలి. నేసినవాడు పెట్టిన మడతను కొన్నవాడే విప్పాలనీ, ఇంటి ఆడది విప్పితే మగ్గానికి పని తగ్గుతుందనీ ఆ ఇంటి పట్టింపు. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. ఆమె కూడా మొదట్లో నవ్వింది. పెళ్ళయిన ఏడాదికి నవ్వు పోయి అలవాటు మిగిలింది. ఆ రోజు అరుగు మీద మూడు మడతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఒకదానికి అప్పటికే బొమ్మ పడిందని ఆమెకు తెలియదు. "నానేయమ్మా" అన్నాడు మామగారు. జిగురు పూసిన గుడ్డా, గంజి పట్టిన గుడ్డా చేతికి ఒకే బిరుసు. మూడూ ఎత్తి నీళ్ళలో ముంచింది.

కానీ పైమడత మీద వేళ్ళు పడినప్పుడు ముడులు తగిలాయి. తెగిన పోగును నేతగాడు ముడి వేసేది వెనకవైపుకు వచ్చేటట్టు. మడిచేటప్పుడు మేలువైపు పైకి, ముడులవైపు లోపలికి. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ ఆమె చూసిన ప్రతి మడతా అంతే. కింది రెండు మడతలూ అట్లాగే ఉన్నాయి. పైది మాత్రం తిరగబడి ఉంది. మామకు కళ్ళు తగ్గుతున్నాయి పాపం, అనుకొని ముంచేసింది. కళ్ళు తగ్గలేదేమోనన్న ఆలోచన వచ్చేసరికి నీళ్ళు నీలమయ్యాయి, భర్త తొట్టి ముందు నిలబడ్డాడు, నోరు తెరవకుండానే సాయంకాలం బండెక్కాడు. ఆ ఆలోచన ఆమె ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం పోయిన ముసలాయన, కొడుకు కూడా పోయినవాడు, ఆ పూట అన్నం ముందు కూర్చొని కలుపుకోవడం మరిచిపోయినవాడు. ఆయనను ఏమని అడుగుతుంది? ఒకటి రెండు రోజుల్లో మొగుడు తిరిగి వస్తాడనీ, కోపం తనమీదే ఉంటే తొందరగా తగ్గుతుందనీ అనుకుంది. అది తగ్గలేదు.

కొంగుతో చేతులు తుడుచుకొని ఆమె బయటికి వచ్చింది. పిల్లమ్మను దాటి రావలసి వచ్చింది. పిల్లమ్మ కాళ్ళు ముడుచుకొని దారిచ్చింది, ఆవిడ చరిత్రలో మొదటిసారి.

"రాసుకోండి సార్. నా పేరు మునిలక్ష్మి. సరిగ్గా వేయించండి. మా పుట్టింట్లో కూడా చదువుతారు."

"సుమ్నే ఉండు, మాట్లాడొద్దు" అన్నాడు రామాంజినప్ప. "పేర్లు వద్దులే సార్."

రెండేళ్ళకు మొదటిసారి నేరుగా ఆమెతో అన్న మాట అది. మోసుకుపోవడానికి ఏమీ లేక పిల్లమ్మ చేతులు ఖాళీగా పెట్టుకొని కూర్చుంది.

"పేరెందుకొద్దు? పని చెప్పినాక పేరు చెప్పేదానికి ఏం? పరదాల మేస్త్రిని గురువని చెప్తివి గదా నువ్వు."

"బయటి మనుషుల ముందర 'మీరు' అనమ్మే" అని గొణిగింది పిల్లమ్మ.

"నేనేమన్నా అబద్ధం చెప్పినానా?" అన్నాడు రామాంజినప్ప. గొంతు స్టేజీ మీది గొంతు కాదు. అరిగిపోయి ఉంది. "నువ్వు కోపంతో చేసినావని కూడా నేను ఎవరికీ చెప్పలా. ఒక్కటే అడుగుతా. విప్పి చూసింటే ఏం పోయేది?"

"ఈ ప్రశ్న ఆ రోజే అడిగింటే నాకు రెండేండ్లు మిగిలేవి."

"ఇప్పుడన్నా చెప్పు."

"ఈ ఇంట్లో మామ మడిచిన మడత ఎవరన్నా విప్పినారా? నీ పుట్టుకలో నువ్వు విప్పినావా?"

అనేసిన తరువాత ఆమెకు తెలిసింది, ఏం అనేసిందో.

రామాంజినప్ప చాప మీద నుంచి మెల్లగా లేచాడు. "నాయన మడిచినాడా?"

ఆమె వంటింటి వైపు తిరగబోయింది.

"దండెం మీద నుంచి తీసింది నువ్వే అనుకుంటి. నువ్వే తీసి, నువ్వే మడిచి, చూడకుండా యెట్లా మడిచినావా అని రెండేండ్లు... బొమ్మ పైకే ఉండె గదా. దండెం కాడ నిలబడితే మా అమ్మ ఎదురుగానే ఉండె గదా. నాయన మడిచినాడా మునిలక్ష్మీ?"

పంతులుగారు గ్లాసు కింద పెట్టారు, చప్పుడు కాకుండా. ఇది తన వ్యాసంలో పట్టే సంగతి కాదని ఆయనకు అర్థమైంది. లేచిపోదామా అంటే కుర్చీకీ వాకిలికీ మధ్య ఈ ఇద్దరూ నిలబడి ఉన్నారు.

మునిలక్ష్మి మగ్గం వైపు చూడకుండా, మామగారి నెరిసిన వెంట్రుకల తల అక్కడ వంగి ఉందని చూడకుండానే తెలిసి, అబద్ధానికి సరిపడా గాలి పీల్చుకుంది.

"ఎవరు మడిస్తే ఏం. నీళ్ళలో వేసింది నేను. చూసుకోవాల్సింది నేను. తప్పు నాదే, రాసుకోమని చెప్తా ఉండా గదా సారుకు."

మగ్గం ఆగింది.

వెంకటగిరియప్ప గుంటలోంచి పైకి రావడం ఎప్పుడూ ఒక పెద్ద పని. ముందు రెండు అరచేతులూ నేల మీద ఆనించాలి. ఒక మోకాలు, తరువాత ఇంకొకటి. ఎవరైనా చేయి ఇస్తే కసురుకుంటాడు. ఈసారి కొడుకు అప్రయత్నంగా చేయి చాచాడు. ఆయన ఆ చేయి చూశాడు, పట్టుకోలేదు, కసురుకోనూ లేదు.

"దండెం మీద నుంచి తీసింది నేనప్పా" అన్నాడు.

"ఆరింది లేనిది చూద్దామని పోయినారా?"

"ఆ. అదే చూద్దామని పోతి. బొమ్మ చూస్తి."

"చూసి?"

"మడిస్తి. బొమ్మ లోపలికి పెట్టి మడిస్తి. ఆ రెండిటి మీద పెడ్తి. ఈ బిడ్డను పిలిచి నానేయమంటి."

"అన్నా, సుమ్నే ఉండు. బయటి ఆయన ఉండాడు" అంది పిల్లమ్మ.

"ఉండనీలే. లోపలివాళ్ళ ముందర చెప్పలేకపోతి గదా ఇన్నాళ్ళు."

రామాంజినప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. "తెలిసేనా నాయనా? నీళ్ళలో పడితే పోతుందని తెలిసే?"

"నువ్వు జిగురు కాచేది రోజూ చూస్తాంటి. తెలియకేం."

"ఎందుకు?"

ముసలాయన మగ్గానికి ఎదురుగా ఉన్న కిటికీ వైపు చూశాడు. చిన్న కిటికీ, వీధిలోకి. తలుపు రెక్క ఒక్కటే. "దాంట్లో మీయమ్మ పాడతాండాది" అన్నాడు. "ఊరికే నిలబడి లేదు. నోరు తెరిచి పాడతాండాది, ఇట్ల, కిటికీ తట్టు తిరిగి. నువ్వు కిటికీ మూసినట్టు రాసినావు."

"అది మూసే ఉండేది గదా."

"మూసిందెవరు? నేను. ఆమె పాట ఎత్తితే నాకు పోగుల లెక్క తప్పుతుందని తలుపు వేస్తాంటి. ఇంకా గట్టిగా పాడితే లోపలి నుంచి కర్రతో తడ్తాంటి. ఊరుకొమ్మని. పక్క వీధోళ్ళు ఆమె పాట వినేదానికి వస్తాంటే, నేను మాత్రం తలుపేసుకొని కూర్చుంటి. చచ్చిపోయినాక కిటికీ తెరిచి పెట్టుకున్నా. ఏముండాది వీధిలో."

మునిలక్ష్మి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆయన ఇన్ని మాటలు ఒక్కచోట పెట్టడం వినలేదు. నేసిన పన్నా విప్పినట్టు, ఒక మడత తరువాత ఒక మడత.

"నువ్వు దాన్ని ఊరూరా కట్టి చూపిస్తావని భయపడ్తి" అన్నాడు. "పెండ్లాం పాడతాంటే తలుపేసినోడు వీడే అంటారని."

"చూసేవాళ్ళకు ఆ కిటికీ ఎవరిదో యెట్లా తెలుస్తుంది నాయనా? కోలారోళ్ళకు, బళ్ళారోళ్ళకు నువ్వెవరో తెలుసా?"

"నాకు తెలుసు గదప్పా."

వీధిలో రెండిళ్ళ అవతల ఇంకో మగ్గం ఆడుతోంది. ఎవరో నూలు కండెలు అడుగుతూ కన్నడంలో అరుస్తున్నారు. జయరామప్ప రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. ఆ పని ఆయన చాలా మర్యాదగా చేశాడు. అయినా కాగితం చప్పుడు అందరికీ వినిపించింది.

రామాంజినప్ప తండ్రిని వదిలి భార్య వైపు తిరిగాడు. కోపంగా తిరగలేదు. అదే ఆమెను భయపెట్టింది.

"నీకు తెలుసునా?"

చెప్పడానికి రెండు దారులున్నాయి. తెలియదంటే ఆయన ఇప్పుడే ఆమె చేయి పట్టుకుంటాడు. అది ఆమెకు ఆయన గోళ్ళలోని నీలం రంగంత స్పష్టంగా కనపడుతోంది. రెండేళ్ళుగా ఆమె కోరుకున్నది అంతకన్నా ఏమీ లేదు. పెట్టె సర్దుకోమంటాడు. మద్రాసు ఎట్లా ఉంటుందో, సముద్రం ఎంత ఉంటుందో దారిపొడుగునా చెబుతాడు. ఒక్క చిన్న మాట చాలు. కానీ ఇదివరకు చెప్పకపోవడం వల్ల ఏమయిందో చూసిన మనిషి ఆమె.

"చేతికి తెలిసింది" అంది. "ముడులు పైకి తగిలినాయి. మామకు కళ్ళు కనపడక తిరగేసి మడిచినాడేమో అనుకుంటి. నీళ్ళు నీలంగా మారినాక అట్ల కాదేమో అనిపించింది."

"ఆ రోజే."

"ఆ రోజే."

"చెప్పలేదు నువ్వు. నేను బండెక్కేటప్పుడు చెప్పలేదు. మా అమ్మను పోగొట్టింది నువ్వే అనుకొని నేను పోతాంటే, వాకిట్లో నిలబడి చూస్తా ఉంటివి."

"నువ్వు అడగలేదు."

"అడిగింటే చెప్పేదానివా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "తెలియదు" అంది.

రామాంజినప్ప తల ఊపాడు, రిహార్సల్లో ఎవరో పద్యం మరచిపోతే పక్కవాడు ఊపినట్టు. తరువాత వాకిలి వైపు నడిచి, చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు. "పదండి సార్. రైలుకు టైమవుతుంది" అన్నాడు. మధ్యాహ్నం కూడా కాలేదు. ఆ సంగతి ఎవరూ అనలేదు.

"హార్మోనియం" అంది పిల్లమ్మ, ఏదో ఒకటి అనాలి గనక.

"మళ్ళీ ఎవరితోనన్నా తెప్పించుకుంటా అత్తా."

మునిలక్ష్మి కదలలేదు. వెంటపడి బతిమాలడం ఆమెకు చేతకాదు. చేతనై ఉంటే ఈ నవల ఇంత దూరం వచ్చేదే కాదు. నిలబడిన చోటే నిలబడి, ఆయన రెండో చెప్పు దొరకకుండా పోతే బాగుండుననుకుంది. చిన్న కోరిక. అదీ తీరలేదు. చెప్పు దొరికింది.

అప్పుడు వెంకటగిరియప్ప నడిచాడు. గుంట మగ్గంలో జీవితమంతా కూర్చున్న కాళ్ళు నేల మీద అంత బాగా నడవవు. గోడ పట్టుకొని, పిల్లమ్మను దాటి, కొడుకు దగ్గరికి కాదు, కోడలి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. ఇన్నేళ్ళ కాపరంలో ఆయన ఇంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు. కళ్ళు ఎంత బాగా కనపడుతున్నాయో ఆమెకు అప్పుడు తెలిసింది.

"రామాంజీ, పొయ్యేదుంటే పో. ఇది విని పో" అన్నాడు, వెనక్కి తిరగకుండా. ఆ తరువాత మాట ఆమెతో.

"కడిగింది నేనమ్మా. నువ్వు కాదు. ఆ పొద్దు వాని ముందర ఒక్క మాట చెప్పింటే, వాడు నన్ను తిట్టి పోయేవాడు, నిన్ను పిలుచుకొని పోయేవాడు. నేను చెప్పలా. నా కోసం నువ్వు నోరు కట్టుకున్నావని తెలిసీ, రోజూ నీ చేతి అన్నం తింటి. మీయత్త నోరు తలుపేసి మూస్తి. నీ నోరు ఊరుకొని మూస్తి." ఆయన గోడ వదిలేశాడు. "తప్పు నాది మునిలక్ష్మీ. తప్పు చేస్తి."